తాళం తీసిన బీరువాలు

పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే భద్రంగా ఉంటుందనుకోవడం మనవారికి చిరకాలంగా ఉన్న నమ్మకం. ఆ తాళంచెవి ఎవరి దగ్గరున్నదో ఇంట్లోవారికే తెలియకపోవడం, తీరా దొరికి తలుపు తీసేసరికి చెదపురుగులు మనకంటే ముందే గ్రంథపఠనం పూర్తిచేసి ఉండడం కూడా చిరకాలంగా జరుగుతున్నవే. భద్రత అంటే ఏమిటి? తాళమా, పాఠకుడా? ఈ ప్రశ్న ఈనాడు మన విశ్వవిద్యాలయాల గ్రంథాలయాలన్నిటి ముందూ నిలబడి ఉన్నది.

ఉదాహరణకు దూరం వెళ్లనక్కరలేదు. విజయనగరంలో 1892లో తొలిసారి ఆడిన “కన్యాశుల్కం” 1897లో అచ్చయినప్పుడు ఐదంకాల నాటకం. 1909లో గురజాడ అప్పారావుగారు దాన్ని ఇంచుమించు తిరగరాసి ఏడంకాలుగా పెంచారు. మనం చదివేదీ, చూసేదీ, పరీక్షలకు పాఠంగా పెట్టేదీ ఆ రెండవదే. మొదటిది మెల్లమెల్లగా మరుగున పడిపోయింది. బంగోరె అనే కలంపేరుతో ప్రసిద్ధులైన బండి గోపాలరెడ్డిగారు పట్టుబట్టి వెతికి, 1969లో “మొట్టమొదటి కన్యాశుల్కం” అని తిరిగి అచ్చువేయించేవరకూ సామాన్య పాఠకుడికి దాని ముఖం చూసే యోగం లేకపోయింది. 1897కూ 1969కీ నడుమ 72 ఏళ్లు! తెలుగువారు నెత్తిన పెట్టుకున్న నాటకానికే ఈ గతి పడితే, ఎవరూ పట్టించుకోని పుస్తకాల మాట వేరే చెప్పాలా?

ఎవరి సొమ్ము, ఎవరి తాళం?

ఇటీవలి కాలంలో చదువుకున్నవారి నోట “ఓపెన్ ఏక్సెస్” అనే మాట తరచుగా వినవస్తున్నది. మన మాటల్లో దీన్ని బహిరంగ ప్రచురణ అందాం. పరిశోధన ఫలితాన్ని ఇంటర్నెట్‌లో ఎవరైనా, ఎక్కడినుంచైనా, కానీ ఖర్చు లేకుండా చదువుకునేటట్లు పెట్టడమే దీని సారం. బుడాపెస్ట్ నగరంలో కలుసుకున్న కొందరు పండితులు, గ్రంథాలయ నిపుణులు 2002లో వెలువరించిన ప్రకటనతో ఈ ఉద్యమానికి పేరూ రూపూ ఏర్పడ్డాయి.

ఉద్యమం ఎందుకు కావలసివచ్చిందంటారా? లెక్క చూడండి. పరిశోధకుడికి జీతమో, ఉపకారవేతనమో ఇచ్చేది ప్రభుత్వం. అంటే మనం కట్టే పన్ను. అతడు వ్యాసం రాసి పత్రికకు ఉచితంగా ఇస్తాడు. దాని మంచిచెడ్డలు చూసే సాటి పండితుడూ సాధారణంగా ఉచితంగానే చూసిపెడతాడు. ఆపైన పత్రిక యజమాని ఆ వ్యాసానికి తాళం వేసి, అదే విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఏడాది చందా మీద అమ్ముతాడు. వడ్లు మనవి, దంపిన చేతులు మనవి. బియ్యం మాత్రం బజారులో కొనుక్కోవాలి!

ఈ చందాల భారం మోయలేక పాశ్చాత్య దేశాల్లోని సంపన్న విశ్వవిద్యాలయాలే మొరపెట్టుకున్నాయి. మన దేశంలో కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో “వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్” పథకాన్ని ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 మంది ప్రచురణకర్తల నుంచి సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందించే ఏర్పాటు చేసింది. 2025 జనవరి 1 నుంచి ఇది అమలులోకి వచ్చింది. చిన్న ఊళ్లలోని ప్రభుత్వ కళాశాలలకు ఇది గొప్ప మేలే, సందేహం లేదు. కాని ఇది తాళం తీయడం కాదు. కొందరికి మారుతాళంచెవి ఇవ్వడం. కళాశాల గేటు దాటి బయటికి వచ్చిన వాడికి, ఊరి వైద్యుడికి, పల్లెటూరి బడిపంతులుకు ఆ తలుపు మూసినట్లే ఉంటుంది.

ఉద్దానం అడిగే ప్రశ్న

ఇదంతా పండితుల గొడవ, మనకెందుకని పాఠకులు అనుకోవచ్చు. శ్రీకాకుళం జిల్లాలో కొబ్బరితోటల సీమ ఉద్దానం ఉన్నది. కవిటి, సోంపేట, పలాస, ఇచ్ఛాపురం ప్రాంతాల్లో దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి ఇళ్లకు ఇళ్లను కుంగదీస్తున్నది. మధుమేహం, రక్తపు పోటు వంటి తెలిసిన కారణాలేవీ లేనివారికి కూడా ఈ వ్యాధి వస్తున్నది. కారణం ఇదీ అని ఖాయంగా తేల్చిచెప్పడం ఇంకా శాస్త్రజ్ఞుల వల్ల కాలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రిని, పరిశోధన కేంద్రంతో సహా ప్రారంభించారంటే సమస్య ఎంతటిదో తెలుస్తుంది.

ఈ వ్యాధి మీద దేశవిదేశాల పండితులు వ్యాసాలు రాశారు, రాస్తున్నారు. వాటికి ఆధారం ఏమిటి? ఉద్దానం రైతులు, కూలీలు, వాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు చేయి చాచి ఇచ్చిన రక్తం. వాళ్ల బావుల్లోంచి తోడిచ్చిన నీళ్లు. అలాంటి వ్యాసం ఏ ఒక్కటి తాళం వెనక ఉండిపోయినా, రక్తం ఇచ్చిన ఊరికీ, ఆ ఊళ్లో నాడి పట్టి చూసే డాక్టరుకూ తమ సంగతి తమకే తెలియకుండా పోతుంది. బహిరంగ ప్రచురణ అనేది పండితుల సౌకర్యం కోసం పుట్టిన ముచ్చట కాదని చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అక్కరలేదు.

గ్రంథాలయం చేయగల పనులు

ఇందులో విశ్వవిద్యాలయ గ్రంథాలయం చేసేదేమిటి? పుస్తకాలు కొనడం, వరుసగా పేర్చడం, గడువు దాటితే జరిమానా వేయడం ఇదివరకటి పనులు. ఇప్పుడు మరి నాలుగు పనులు వచ్చిపడ్డాయి.

మొదటిది, తమ విశ్వవిద్యాలయంలో పుట్టిన రచనలకు ఇంటర్నెట్‌లో ఒక భాండాగారం కట్టడం. అమెరికాలోని ఎం.ఐ.టి. గ్రంథాలయం, ఒక కంప్యూటర్ల కంపెనీ కలిసి 2002లో “డీస్పేస్” అనే సాధనాన్ని తయారుచేసి ఉచితంగా విడుదల చేశాయి. మన దేశంలోని అనేక సంస్థల గ్రంథాలయాలు దాన్నే వాడుకుంటున్నాయి.

రెండవది, సిద్ధాంత వ్యాసాలను వెలుగులోకి తేవడం. పిహెచ్.డి. పట్టం వచ్చేదాకా కంటికి రెప్పలా చూసుకున్న గ్రంథం, పట్టం వచ్చిన మర్నాటి నుంచి లైబ్రరీ మూలగదిలో దుమ్ము కప్పుకుని పడుకోవడం మనం ఎరగనిది కాదు. 2009లో విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం నిబంధన పెట్టి, ప్రతి సిద్ధాంత వ్యాసం కంప్యూటర్ ప్రతిని దాఖలు చేయాలన్నది. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే “శోధ్‌గంగ” భాండాగారం ఈ నిబంధన వల్లనే నిండింది. అక్కడ లక్షల సంఖ్యలో సిద్ధాంత వ్యాసాలను ఎవరైనా చదువుకోవచ్చు. ఒకరి పుటలు మరొకరు ఎత్తిరాస్తే పట్టుబడేదీ ఇందువల్లనే. వెలుతురున్న చోట దొంగతనం కష్టం గదా!

మూడవది, పత్రికలు నడపడం. కెనడా విశ్వవిద్యాలయాల వారు తయారుచేసిన “ఓపెన్ జర్నల్ సిస్టమ్స్” అనే ఉచిత సాధనం ఉన్నది. దానితో అచ్చు యంత్రం లేకుండానే ఒక చిన్న తెలుగు శాఖ కూడా పరిశోధన పత్రిక వెలువరించవచ్చు. కావలసిందల్లా ఓపిక, నిజాయితీగా వ్యాసం చదివి చెప్పే నలుగురు పెద్దలు.

నాలుగవది, సలహా చెప్పడం. ఇది అన్నిటికంటే ముఖ్యం. బహిరంగ ప్రచురణ పేరు చెప్పి బజారులో దొంగ పత్రికలు చాలా వెలిశాయి. డబ్బు కడితే నాలుగు రోజుల్లో వ్యాసం వేస్తారు. చదివేవాడూ లేడు, చూసేవాడూ లేడు. పదోన్నతికి వ్యాసాల లెక్క చూపక తప్పని ఉపాధ్యాయులు ఆ వలలో పడుతున్నారు. వీటిని అరికట్టడానికి గ్రాంట్ల సంఘం 2019లో మంచి పత్రికల పట్టిక ఒకటి అమలులోకి తెచ్చి, 2025లో దాన్ని మానుకున్నది. ఇక మంచిచెడ్డలు ఎంచే బరువు విద్యాసంస్థల మీదనే పడ్డది. ఏ పత్రిక నికరమైనదో, ఏది బూటకమో చెప్పగల లైబ్రేరియన్ దగ్గరుంటే, ఉపాధ్యాయుడి డబ్బూ దక్కుతుంది, పరువూ దక్కుతుంది.

శ్రీకాకుళం నేర్పిన పాఠం

ఇంతటి పనికి కోట్లు కావాలి, పెద్ద నగరాలు కావాలి అనేవారికి శ్రీకాకుళం పట్టణమే జవాబు చెప్పింది. “కారా మాస్టారు”గా అందరూ ఎరిగిన కాళీపట్నం రామారావుగారికి 1995లో “యజ్ఞంతో తొమ్మిది” సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆయన అప్పటికి విశ్రాంతి తీసుకుంటున్న బడి ఉపాధ్యాయులు. బహుమతి సొమ్మును పెట్టుబడిగా పెట్టి, మిత్రుల చేయూతతో 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో “కథానిలయం” తెరిచారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథా ఒక్కచోట దొరకాలన్నది ఆయన సంకల్పం. ఊరూరా తిరిగి, తెలిసినవారినల్లా అడిగి, పాత వారపత్రికలు, మాసపత్రికలు, సంపుటాలు పోగుచేశారు. పాత కాగితాల కొట్టుకు పోవలసిన కట్టలెన్నో అలా ఒడ్డెక్కాయి.

పోగుచేసి ఊరుకుంటే అదీ మరొక బీరువాయే అయివుండేది. అలా కానివ్వలేదు. కథ పేరు, రచయిత పేరు, అచ్చయిన పత్రిక, తేదీ వరుసగా పట్టిక తయారయింది. పుటలను యంత్రం మీద ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఈనాడు కాలిఫోర్నియాలో ఉన్న తెలుగువాడూ, టెక్కలిలో ఉన్న విద్యార్థీ ఒకే కథను ఒకే క్షణాన తెరవవచ్చు. కారా మాస్టారు 2021 జూన్‌లో కన్నుమూశారు. ఆయన తెరిచిన తలుపు మూతపడలేదు.

విశ్వవిద్యాలయం పేరు లేదు, పదవి లేదు, ప్రభుత్వ ఉత్తర్వు లేదు. ఒక ఉపాధ్యాయుడు పూనుకుంటే ఇంత జరిగినప్పుడు, భవనాలూ సిబ్బందీ ఉన్న విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు పూనుకుంటే ఎంత జరగాలి?

బొమ్మ వేరు, అక్షరం వేరు

అయితే పుటను ఫొటో తీసినంత మాత్రాన పని అయిపోదు. కంప్యూటరుకు ఆ ఫొటో ఒట్టి బొమ్మ. అందులో “అప్పు” అన్న మాట ఎక్కడున్నదో వెతకమంటే తెల్లమొహం వేస్తుంది. బొమ్మలోని అక్షరాలను మళ్లీ నిజమైన అక్షరాలుగా మార్చాలి. 1991లోనే యూనికోడ్ అనే ప్రపంచ లిపి ప్రమాణంలో తెలుగుకు చోటు దొరికింది. కాని ఆ తర్వాత చాలా ఏళ్లు మన అచ్చు పనులు వేరువేరు ఫాంట్లలోనే సాగాయి. ఒక ఫాంటులో కూర్చిన గ్రంథం, ఆ ఫాంటు లేని యంత్రంలో అర్థంలేని గుర్తుల వరుసగా కనపడుతుంది. అలా కూర్చిన సిద్ధాంత వ్యాసాలను యూనికోడులోకి మార్చడం గ్రంథాలయాలు చేయవలసిన పనుల్లో ముందువరుసలోనిది.

పట్టిక సంగతి మరొకటి. రెండువేల సంవత్సరం తర్వాత మొదలైన “డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా” వేలాది తెలుగు పుస్తకాలను కంప్యూటరుకెక్కించింది. దాని వెనక ఉన్న పెద్దల్లో మన చిత్తూరు జిల్లాలో పుట్టిన కంప్యూటర్ శాస్త్రజ్ఞులు రాజ్ రెడ్డిగారొకరు. మహత్కార్యమే! కాని పుస్తకాల పేర్లను ఇంగ్లీషు లిపిలో ఎవరికి తోచినట్లు వారు రాయడంతో, ఉన్న పుస్తకం లేనట్లే అయిన సందర్భాలు కొల్లలు. తర్వాత ఆ లైబ్రరీ సొంత వాకిలి మూతపడ్డది కూడా. అక్కడి పుస్తకాలు అప్పటికే విదేశంలోని “ఇంటర్నెట్ ఆర్కైవ్”లోకి చేరి ఉండబట్టి మనకు దక్కాయి. ఒకచోట ఉంటే ఆస్తి, పదిచోట్ల ఉంటే భద్రత అని ఇందులో నీతి.

పట్టిక సరిగా ఉండి, పుట అందరికీ అందితే, సాహిత్య చరిత్రే మారుతుంది. తెలుగులో తొలి కథ ఏదంటే 1910లో “ఆంధ్రభారతి”లో వచ్చిన గురజాడవారి “దిద్దుబాటు” అని చాలాకాలం అందరం ఒప్పజెప్పాం. పాత స్త్రీల పత్రికలను తిరగవేసినవారు, భండారు అచ్చమాంబగారి “ధనత్రయోదశి” 1902లోనే “హిందూసుందరి”లో అచ్చయిందని చూపించారు. తొలి స్థానం ఎవరిదన్న వాదం సంగతి ఎలావున్నా, ఎనిమిదేళ్ల ముందటి ఒక స్త్రీ రచన చర్చలోకి వచ్చింది. పాత పత్రిక చేతికి అందడం వల్లనే ఇది సాధ్యమైంది. ఈ రోజుల్లో డిజిటల్ పాండిత్యం అనేది ఇలాంటిదే. 1897 నాటి కన్యాశుల్కాన్నీ, 1909 నాటిదాన్నీ అక్షరరూపంలో పక్కపక్కన పెడితే, ఏ మాట తీసేశారో, ఏది కొత్తగా చేర్చారో క్షణంలో బయటపడుతుంది. అర్థం చెప్పవలసింది మాత్రం మనిషే.

చట్టం గీసిన గీత

తెరవడం మంచిదని పరుల ఇల్లు తెరవకూడదు. మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవించినంత కాలం, మరణించిన తర్వాత 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. 1961లో కన్నుమూసిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి రచనలు 2022 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. 1994లో పోయిన విజయనగరం కథకులు చాగంటి సోమయాజులు, మన చాసోగారి కథలకు 2054 చివరిదాకా హక్కు ఉన్నది. అలాంటి చోట వారసుల అనుమతి అడగాలి. మర్యాదగా అడిగితే ఇచ్చేవారు మనలో తక్కువేమీ కాదు. అడిగే బాధ్యత తీసుకోవలసింది గ్రంథాలయం. బతికి ఉన్న రచయితలు, అధ్యాపకులు తమ రచనల మీద తామే “ఎవరైనా చదువుకోవచ్చు, పంచుకోవచ్చు” అని రాసిపెట్టే పద్ధతి కూడా 2002 నుంచి “క్రియేటివ్ కామన్స్” పేరుతో ప్రపంచమంతటా నడుస్తున్నది.

మన రెండు జిల్లాల వంతు

ఒకప్పుడు పై చదువులకు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉన్న వాల్తేరు తప్ప మనకు దిక్కు లేదు. ఇప్పుడు ఎచ్చెర్లలో 2008లో వెలసిన అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉన్నది. విజయనగరంలో గురజాడ పేర సాంకేతిక విశ్వవిద్యాలయం, 2019లో వచ్చిన కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇవి చేయదగిన పని ఈ నేలమీదనే బోలెడంత కాచుకుని ఉన్నది.

శ్రీకాకుళం దగ్గర పుట్టిన గిడుగు రామమూర్తిగారు సవరల గూడేలకు వెళ్లి, వారి భాష నేర్చుకుని, 1931లో వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును వెలువరించారు. అవి ఇంగ్లీషు చదివిన పండితులకు అందాయి. వాటిని తెలుగు వివరణతో, సవర మాటల ఉచ్చారణతో సహా ఇంటర్నెట్‌కెక్కిస్తే సవర పిల్లవాడికి తాతల మాట తన బడిలోనే వినిపిస్తుంది. బ్రౌణ్యదొర తెలుగు నిఘంటువును అమెరికాలోని షికాగో విశ్వవిద్యాలయం వెతుక్కునే వీలుతో లోకమంతటికీ ఉచితంగా పెట్టింది. మన భాషకు వాళ్లు చేసిన పని, మన పక్క కొండల భాషకు మనం చేయలేమా?

తప్పెటగుళ్లు ఆడేవారి పాటలు ఉన్నాయి. జానపద సాహిత్యం మీద పరిశోధన చేసేవారు గ్రామాలకు వెళ్లి, పాటకుల చేత పాడించుకుని, రాసుకుని సిద్ధాంత వ్యాసం చివర అనుబంధంగా చేరుస్తారు. పట్టం పరిశోధకుడికి వస్తుంది. పాట గ్రంథాలయం చేరుతుంది. పాడినవాడికి తన పాట ఎక్కడున్నదో తెలియదు. ఆ పాటను, అతడి సమ్మతితో, అతడి పేరుతో, గొంతుతో సహా బహిరంగంగా పెడితే, రేపు అతడి మనవడు చేతిలోని ఫోను నొక్కి తాత గొంతు వింటాడు. గ్రంథాలయం తీర్చుకోవలసిన బాకీల్లో ఇది మొదటిది.

1935లో పాతూరి నాగభూషణంగారు కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టుకుని పాఠకుల గుమ్మాల ముందుకు వెళ్లారు. చదివేవాడు రాలేకపోతే పుస్తకమే వెళ్లాలన్నది ఆ తరం పట్టుదల. ఈ తరానికి పడవ అక్కరలేదు. పట్టుదల ఉంటే చాలు.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంటి అటక మీద పాత పత్రికల కట్ట ఉంటే తూకానికి వేయకండి. ముందు దుమ్ము దులిపి పేర్లు, తేదీలు ఒక కాగితం మీద రాయండి. ఆ కాగితం కథానిలయానికో, దగ్గరలోని విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో పంపండి. వాళ్లు వెతుకుతున్న సంచిక మీ అటక మీదనే ఉండవచ్చు.